సీసపు పలకలు, సెల్ఫు మోటారు

1859లో గాస్టన్ ప్లాంటే యను ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త, రెండు సీసపు రేకులు ఒకదానినొకటి తాకకుండ నడుమ రబ్బరు పట్టీలను ఉంచి చుట్టగా చుట్టి, నీరు కలిపిన గంధకామ్లములో ముంచి, వానిలోనికి విద్యుత్తును పంపినచో, ఆ రేకులు తాము గ్రహించిన శక్తిని నిలువయుంచుకొని కోరినపుడు తిరిగి యిచ్చునని నిరూపించెను. అప్పటికి ఈ బ్యాటరీని చార్జి చేయుటకు తగిన డైనమో లేదు. బున్సెన్ రసాయనిక ఘటములతోనే దానిని నింపవలసివచ్చెను. పిమ్మట 1881 ప్రాంతమున కెమిల్ ఫోర్, సీసపు ఆక్సైడును ముద్దచేసి పలకలకు పూయు మార్గము కనిపెట్టుటతో, ప్రయోగశాలలోని యా సాధనము కర్మాగారములో తయారగు వస్తువయ్యెను.

మోటారు కారు ఇంజనును మేల్కొల్పు ఉద్యోగము ఆ బ్యాటరీకి దొరకినది మాత్రము 1912లో. అంతకుముందు ఇంజనును మేల్కొల్పుటకు మనుష్యుడు ముందు నిలిచి ఇనుప హ్యాండిలును త్రిప్పవలెను. ఇంజను ఎదురు తన్నినచో మణికట్టు విరిగెడిది. నగదు లెక్కించు యంత్రమునకు విద్యుత్ మోటారును అమర్చి యనుభవము గడించిన అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగు, కొద్ది క్షణములు మాత్రమే తిరుగవలసిన మోటారు, తన పరిమాణమునకు మించిన భారమును సైతము కాలిపోకుండ వహింపగలదని గ్రహించి, ఆ యేటి కాడిలాక్ కారునకు విద్యుత్ స్టార్టరును సమకూర్చెను. మనవారు నేడు ‘సెల్ఫు’ అని పిలుచునది దాని సంతతియే. స్వల్పకాలము మహాభారము వహించు ఈ ధర్మము మోటారుతో పాటు బ్యాటరీకిని సంక్రమించినది. కారు బ్యాటరీ రోగమును పరీక్షించువాడు మొట్టమొదట స్మరింపవలసిన విషయ మిదియే. ఏలనన ఆ క్షణకాలపు భారమునందు తప్ప దాని బలహీనత బయటపడదు.

చార్జి నిండిన పన్నెండు వోల్టుల బ్యాటరీ విశ్రాంతిగా నున్నపుడు మీటరు ఇంచుమించు 12.6 చూపును. అయితే ప్రతి బ్యాటరీకిని లోపల కొంత నిరోధము కలదు. ఆరోగ్యవంతమైన దానియందు అది ఓమ్‌లో నూరవవంతు అనుకొందము. సెల్ఫు మోటారు 200 ఆంపియర్లు లాగినపుడు రెండు వోల్టులు లోపలనే వ్యయమై, 10.6 వోల్టులు బయటకు వచ్చును, ఇంజను తిరుగును. పలు దినములు చార్జి లేక పడియున్న బ్యాటరీలో, పలకలపై నేర్పడిన సీసపు సల్ఫేటు సన్నని పొడిగా నుండక గట్టి స్ఫటికములై పెరిగి, లోపలి నిరోధమును మూడింతలు చేసెననుకొనుడు. అపుడు అదే 200 ఆంపియర్లకు ఆరు వోల్టులు లోపలనే హరించిపోవును. అర ఆంపియరు కోరు చిన్న దీపమునకు మాత్రము ఈ లోపము కనబడనే కనబడదు. ఊట తగ్గిన బావి తెల్లవారుజామున నిండుగానే కానవచ్చును. చెంబుతో ముంచుకొన్నవానికి దాని లేమి తెలియదు, మోట కట్టినవానికే తెలియును. “లైట్లు వెలుగుచున్నవి గదా, బ్యాటరీ బాగున్నట్లే” యను మాట ఎంత ప్రమాదకరమో వాహనము గల ప్రతివారును తెలిసికొనవలెనని నా దృఢాభిప్రాయము.

తాళము త్రిప్పగనే టకటకమని వడివడిగా వినబడు చప్పుడునకు కారణ మిందే కలదు. సాలినాయిడు తీగచుట్టలోనికి కరెంటు ప్రవేశించి, ఇనుప కడ్డీని లాగి, మోటారునకు దారి కలుపును. కలిపిన మరుక్షణమే వోల్టేజి కుప్పకూలును. కడ్డీని పట్టియుంచు బలము చాలక అది వెనుకకు జారును. భారము తొలగుటచే వోల్టేజి తిరిగి లేచును. కడ్డీ మరల లాగబడును. సెకనుకు అనేక పర్యాయములు జరుగు ఈ పెనుగులాటయే ఆ చప్పుడు. నేటి కార్లలో కథ మరికొంత దూరము పోయినది. ఇంజను, బ్రేకులు, స్టీరింగు ఒక్కొక్కటియు ఒక్కొక్క చిన్న కంప్యూటరు అధీనమున నుండుటచే, వోల్టేజి క్షణకాలము పడిపోయినను అవి యొకదాని మాట యొకటి వినలేక, డాష్‌బోర్డుపై ఏబీఎస్ దీపము, స్టీరింగు దీపము, ఇంజను దీపము ఒక్కుమ్మడిగా వెలిగించును. అన్ని అవయవములు ఒకేనాడు చెడుట అరుదు. అన్నిటికిని ఆహారమిచ్చు చోట చూడవలెను. అది చూడక సెన్సార్లు మార్పించుకొని ధనము పోగొట్టుకొన్నవారు మన పట్టణములలో ఎందరో కలరు.

పరీక్ష సులభము. మీటరు కొసలను బ్యాటరీ టెర్మినళ్లపై ఉంచి, మరియొకనిచే సెల్ఫు కొట్టించవలెను. వోల్టేజి 9.6 కంటె దిగువకు జారినచో, ముందు చార్జి నింపి మరల చూడవలెను. అప్పటికిని జారినచో బ్యాటరీ పని యైపోయినట్లే. జారకయే మోటారు మందకొడిగా తిరిగినచో దోషము తీగలలోనో మోటారులోనో యుండును. సీసపు మొలపై ఒక కొసను, దానిని పట్టియున్న బిగింపుపై రెండవ కొసను ఉంచి సెల్ఫు కొట్టినపుడు మీటరు అర వోల్టు చూపెనా, ఆ రెంటి నడుమ తెల్లని చిట్టెము కరెంటును అడ్డగించుచున్నదన్నమాట. వేడినీటితో కడిగి, లోహము మెరయునట్లు రుద్ది, బిగించిన చాలును, క్రొత్త బ్యాటరీ అక్కరలేదు. ఇంజను బాడీకి పోవు ఎర్త్ తీగను గూడ ఇట్లే చూడవలెను. ఇంజను నడుచుచుండగా సామాన్యముగా 13.8 మొదలు 14.5 వోల్టుల వరకు రాకున్నచో, తప్పు బ్యాటరీని నింపు ఆల్టర్నేటరు వైపున నుండవచ్చును.

మన ప్రాంతమునకు సంబంధించిన విశేష మొకటి కలదు. శీతలదేశములలో బ్యాటరీని చలి లొంగదీయునని ప్రసిద్ధి. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల మాత్రము దానిని వేసవియే క్షీణింపజేయును, ఆమ్లములోని నీరు ఆవిరియగుటయు, పాజిటివు పలకల జాలీ త్వరగా తినివేయబడుటయు వేడిమి ఫలములే. పాత రకపు బ్యాటరీలలో వేసవి నెలలందు డిస్టిల్డ్ వాటర్ మట్టమును చూచుకొనుట మరువరాదు.

కదలని కారునకు వేరొక శత్రువు కలదు. తాళము తీసి, కంప్యూటర్లు నిద్రించిన పిమ్మటను గడియారము, అలారము మొదలైనవి కొంత కరెంటును త్రాగుచునే యుండును. 50 మిల్లీ ఆంపియర్ల వరకు అది సహజము. కాని అంతటి చిన్న ధార సైతము ముప్పది దినములలో 36 ఆంపియరు గంటలగును. చిన్న కారులోని 35 ఆంపియరు గంటల బ్యాటరీ దానితోనే ఖాళీయగును. 50 మిల్లీ ఆంపియర్లకు మించి పోవుచున్నచో, మీటరును నెగెటివు తీగతో వరుసగా కలిపి, ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయుచు, ఏది తీసినపుడు అంకె పడిపోవునో ఆ దారినే వెదకవలెను. విదేశములకు పోయిన బిడ్డలు విడిచిపోయిన కార్లను ఇంటిముందు కాచుకొను తల్లిదండ్రులు, నెలకొకసారి ఇంజను ఐదు నిమిషములు నడిపి ఆపుటకంటె, నెగెటివు తీగను విప్పియుంచుటయే మేలు.