కాలి నొప్పికి నడుములో మూలం



నడుము దగ్గర మొదలై, పిర్ర మీదుగా తొడ వెనకనుంచి పిక్కలోకీ, పాదంలోకీ పాకే నొప్పి మీలో చాలామందికి తెలిసే వుంటుంది. "నరం మీద నరం ఎక్కింది" అని మనవాళ్లు కాలికి నూనె రాయిస్తారు, పిక్కలు తొక్కిస్తారు. నరం మీద నరం ఎక్కడమంటూ ఏమీ లేదు. తూము దగ్గర అడ్డు పడితే చివరి మడి ఎండినట్లు, నడుములో ఇబ్బంది కాలిలో తెలుస్తుంది.

దీన్ని డాక్టర్లు సయాటికా అంటారు, ఆయుర్వేదంలో గృధ్రసి అని పేరు. మన వొంట్లో అన్నిటికన్నా పొడుగైనదీ, లావైనదీ యీ తుంటి నరమే. నడుము కింది భాగాన వెన్నులోనుంచి వచ్చే అయిదు నరాల మొదళ్లు కలిస్తే యిది అవుతుంది.

మరి ఆ మొదళ్లను నొక్కేది ఏమిటి? వెన్నుపూసకూ పూసకూ మధ్య డిస్కు అనే మెత్త వుంటుంది. పైన గట్టి పట్టీ, లోపల తాటిముంజలాంటి గుజ్జు. పట్టీ చిట్లితే గుజ్జు బయటికి వుబికి నరాన్ని వొత్తుతుంది, నరం వాస్తుంది. తుమ్మినా దగ్గినా కాలు జిల్లుమనేది అందుకే. డిస్కుకూ యీ నొప్పికీ వున్న సంబంధాన్ని 1934లో అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ స్పష్టంగా చూపారు. పెద్ద వయసువారిలో వెన్నులోని దారి ఇరుకై కూడా వస్తుంది. వారికి నడిస్తే నొప్పి, కూర్చుంటే హాయి.

యూరియా బస్తా 45 కిలోలు. నడుము వంచి, దూరంనుంచి లాగి ఎత్తితే భారం డిస్కు మీదనే పడుతుంది. ఇది మీకు తెలిసిందే. కాని చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు పల్లెలనుంచి హైటెక్ సిటీలో వుద్యోగానికి పోయే మీ పిల్లలకు బస్తా లేదు, ఎండ లేదు, వాళ్లకెందుకు వస్తున్నది? 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ తెరిచిన తర్వాత ఆ వైపంతా కూర్చొని చేసే పనే పెరిగింది. నిలబడినప్పటికన్నా ముందుకు వంగి కూర్చున్నప్పుడు డిస్కు మీద వొత్తిడి ఎక్కువ. కూర్చోవడమొక్కటే కారణమని అనను. కదలిక లేకపోవడం, వొళ్లు పెరగడం, పొగతాగడం తోడవుతాయి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయమని చెప్పండి. వెనక జేబులో లావుపాటి పర్సు పెట్టుకొని కూర్చోవద్దని కూడా చెప్పండి. అదీ పిర్రలో నరాన్ని నొక్కుతుంది.

స్కానింగులో డిస్కు వుబికినట్లు కనబడగానే బెదరవద్దు. నొప్పి లేనివారిలోనూ అది కనబడుతుంది. చాలామందికి ఆపరేషను లేకుండానే ఆరునుంచి పన్నెండు వారాల్లో తగ్గుతుంది. వారాల తరబడి మంచం పట్టవద్దు, ఓర్చుకోగలిగినంత నడవండి. బస్తాను మోకాళ్లు వంచి, వొంటికి ఆనించి, ఇద్దరు కలిసి ఎత్తండి. పేరు చెప్పకుండా ఇచ్చే గోళీలు మింగవద్దు.

విస్తరణ సిబ్బంది ఒక్క సంగతి బాగా గుర్తుంచుకోవాలి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, రెండు కాళ్లూ పట్టు తప్పినా, పాదం పైకి లేవకపోయినా అది కాచుకొని చూసే నొప్పి కాదు. ఆలస్యమైతే ఆ నష్టం జన్మంతా వుండిపోవచ్చు. తెల్లవారనీ అనకుండా 108కి ఫోను చేసి, వెన్ను ఆపరేషను చేయగల పెద్దాసుపత్రికి అప్పుడే తీసుకుపోవాలి.