పెంచుకున్న ఎలుకకు మందు పట్టించేదెలా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు వరి రైతులకు ఎలుక సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. పొలంలో విషపు ఎర పెట్టే ముందు రెండు రోజులు ఉత్త ఎర పెట్టమని వ్యవసాయాధికారులు చెబుతుంటారు. 98 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె కలిపి బొరియల దగ్గర ఉంచుతారు. ఎలుకలు దానికి మరిగాక 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు జింక్ ఫాస్ఫైడ్ కలిపిన ఎర పెడతారు. మొదటి రోజే విషం పెడితే ఎలుక కాస్త కొరికి చూసి వదిలేస్తుంది. బతికి బయటపడ్డది మళ్లీ ఆ ఎర జోలికి రాదు. ఇంట్లో ముద్దుగా పెంచుకునే తెల్ల ఎలుక జాతి వేరైనా బుద్ధి మాత్రం ఇదే. జబ్బు చేసినప్పుడు దానికి మందు పట్టించడానికీ ఇదే దారి: ముందు అలవాటు, తర్వాతే మందు.

అంత అనుమానం ఎందుకు?

ఎలుక వాంతి చేసుకోలేదు. మనం పాడైన కూర తింటే కక్కేస్తాం. ఎలుక శరీరానికి ఆ వీలు లేదు. అందుకే కొత్త రుచిని ముందు రవ్వంత తిని చూస్తుంది, ఒంట్లో తేడా చేస్తే ఆ రుచిని గుర్తుపెట్టుకుంటుంది. 1955లో జాన్ గార్సియా అనే అమెరికా శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఎలుకలకు తీపి నీళ్లు ఇస్తూ, ఒంట్లో నలత కలిగించే రేడియేషన్ సోకేలా చేశారు. తర్వాత ఆ ఎలుకలు తీపి నీళ్లు తాగడమే తగ్గించేశాయి. ఈ సంగతి గుర్తుంటే మన ఎలుక మందు వద్దని మొహం తిప్పుకున్నప్పుడు విసుగు రాదు. అది మొండితనం కాదు, ప్రాణం కాపాడుకునే తెలివి.

ఎంత మందు?

ముందు బరువు తెలియాలి. పెద్ద ఆడ ఎలుక సుమారు 250 నుంచి 300 గ్రాములు, మగది 450 నుంచి 500 గ్రాములు తూగుతుంది. కంటి అంచనా పనికిరాదు. 200 గ్రాముల ఎలుకను 300 గ్రాములు అనుకుంటే, 60 కిలోల మనిషిని 90 కిలోలని లెక్కగట్టి మందు రాసినంత తప్పు జరుగుతుంది. వంటింటి డిజిటల్ కాటా మీద ఖాళీ డబ్బా పెట్టి, అంకె సున్నా చేసి, ఎలుకను అందులో కూర్చోబెడితే సరిపోతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. పెంపుడు ఎలుకల్లో తరచూ కనిపించేది మైకోప్లాస్మా, అంటే ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేసే ఒక బ్యాక్టీరియా. తుమ్ములు, ఊపిరిలో గురగుర, కళ్ల చుట్టూ ఎర్రటి చెమ్మ దీని గుర్తులు. ఆ ఎరుపు నెత్తురు కాదు, కంటి గ్రంథి నుంచి వచ్చే రంగు ద్రవం. దీనికి డాక్టర్ డాక్సీసైక్లిన్‌ను కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున పూటకోసారి, రోజుకు రెండుసార్లు రాశారనుకుందాం. 300 గ్రాముల ఎలుకకు పూటకు 1.5 మిల్లీగ్రాములు వస్తుంది. మనుషులు వేసుకునే 100 మిల్లీగ్రాముల గొట్టం మాత్ర (క్యాప్సూల్) ఒక్కటి ఆ ఎలుకకు 66 పూటలకు సరిపోతుందన్నమాట. గొట్టం విప్పి వేళ్లతో చిటికెడు తీసి వేయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇది లెక్క తెలియడానికి చెప్పిన ఉదాహరణ మాత్రమే. మీ ఎలుకకు ఏ మందు, ఎంత అన్నది డాక్టరే తేల్చాలి.

సీసా మీద రాసింది ఎలా చదవాలి?

సిరప్ సీసా మీద ‘5 మి.లీ.లో 25 మి.గ్రా.’ అన్నట్టుగా రాసి ఉంటుంది. మిల్లీగ్రాము మందు బరువు, మిల్లీలీటరు ద్రవం కొలత. పైన చెప్పిన సీసాలో ఒక మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల మందు ఉంది. మన ఎలుకకు కావాల్సిన 1.5 మిల్లీగ్రాములకు 0.3 మిల్లీలీటరు చాలు. అంటే దాదాపు ఆరు చుక్కలు. దీన్ని చెంచాతో కొలవలేం. మెడికల్ షాపులో సూది ఊడదీయగలిగే 1 మి.లీ. సిరంజి అడగండి. దాని మీద ఒక్కో చిన్న గీత 0.01 మి.లీ., కాబట్టి 30 గీతల దాకా లాగాలి. ఇన్సులిన్ సిరంజి మీది గీతలు యూనిట్లు, మిల్లీలీటర్లు కావు. రెంటినీ కలగలపొద్దు.

నీళ్ల సీసాలో కలిపేస్తే సులువు కదా?

సులువే గానీ, ఎంత ఒంటికి పట్టిందో తెలియదు. 300 గ్రాముల ఎలుక రోజుకు సుమారు 30 మి.లీ. నీళ్లు తాగుతుంది. జబ్బుపడితే తక్కువ తాగుతుంది, చేదు తగిలితే ఇంకా తగ్గిస్తుంది. సగం తాగితే సగం మందే అందినట్టు. పైగా నీళ్లు చాలక నీరసిస్తుంది.

రోజూ తినే తిండిలో కలపొచ్చా?

వద్దు. మందు రుచి గుర్తుపడితే ఆ తిండినే మానేసే ప్రమాదం ఉంది. మందుకంటూ వేరే తినుబండారం ఒకటి పెట్టుకోండి. బాగా పండిన అరటిపండు గుజ్జు, మెత్తగా నూరిన ఉప్పూకారం లేని పల్లీల ముద్ద, బెల్లం కలిపిన పలచటి గంజి, వీటిలో ఏదైనా సరే. ఎలుకకు నచ్చిందేదో రెండు మూడు రోజులు మందు లేకుండా, మందు వేళకే, అదే చెంచాలో ఇవ్వండి. చెంచా చప్పుడుకే అది గూడు తలుపు దగ్గరికి వస్తే మందు మొదలుపెట్టవచ్చు. ముద్ద శనగ గింజంతే ఉండాలి. పెద్దదైతే సగం వదిలేస్తుంది, ఆ సగంలోనే మందు మిగిలిపోవచ్చు.

పాలు, పెరుగు ఎలుకలకు ఇష్టమే. కానీ డాక్సీసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటి మందులను పాలలోని కాల్షియం పట్టేసుకుంటుంది. మందు కడుపులోకి వెళ్లినా ఒంటికి పట్టదు. వీటిని పాలపదార్థాలతో ఇవ్వకండి.

రెండు ఎలుకలుంటే?

అది మంచిదే. తోటి ఎలుక నోటి దగ్గర వచ్చే వాసన చూసి, అది తిన్న తిండిని తానూ ఇష్టపడటం ఎలుకల స్వభావం. మందు లేని ముద్ద మొదట ఆరోగ్యంగా ఉన్నదానికి తినిపించి, రెంటినీ కాసేపు కలిసి ఉండనివ్వండి. మందు కలిపాక మాత్రం విడిగా పెట్టి తినిపించాలి. లేకపోతే జబ్బుదాని మందు గట్టిది లాక్కుంటుంది.

ఎందులో కలిపినా తినకపోతే?

అప్పుడు సిరంజినే అలవాటు చేయాలి. సూది తీసేసిన సిరంజితో మూడు నాలుగు రోజులు బెల్లం నీళ్లు చుక్క చుక్కగా నాకించండి. తర్వాత మందు ఎక్కించి, కొసన మాత్రం బెల్లం నీళ్లు అంటించండి. జబ్బు తీవ్రంగా ఉండి అంత వ్యవధి లేకపోతే మెత్తని తువాలులో మెడ దాకా చుట్టి, తల పైకెత్తకుండా, నోటి పక్క నుంచి ముందు పళ్ల వెనక్కి 0.05 మి.లీ. చొప్పున వదలాలి. 0.3 మి.లీ.కి ఆరు గుక్కలు. ప్రతి గుక్కా మింగేదాకా ఆగండి. గబగబా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అసలు జబ్బుకన్నా అదే పెద్ద ముప్పు. అయ్యాక ఒక పొద్దుతిరుగుడు గింజ చేతికివ్వండి. ఉమ్మేసిందని ఊహించి మళ్లీ పూర్తి మోతాదు వేయకండి, డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి.

ఎక్కడ చూపించాలి?

మన పశువుల దవాఖానల్లో ఎక్కువగా చూసేది గొర్రెలు, మేకలు, బర్రెలు, కుక్కలనే. అయినా ముందు అక్కడే అడగండి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో చాలా భాగం 2016 అక్టోబరు 11 దాకా పాత వరంగల్ జిల్లాలోదే కాబట్టి వరంగల్ దారి అందరికీ తెలిసిందే. అక్కడి మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, చిన్న జంతువులను ఎవరు చూస్తారో వాకబు చేయవచ్చు. వెళ్లేటప్పుడు బరువు, తిండి తగ్గిన రోజు, ఊపిరి చప్పుడు వినిపించే చిన్న వీడియో తీసుకెళ్తే డాక్టర్‌కు పని తేలికవుతుంది.

ఇంత చిన్న ప్రాణికి ఇంత ఓపికా?

మందు రెండు వారాలంటే 28 పూటలు. మొత్తం కలిపినా 8.4 మి.లీ., రెండు చిన్న చెంచాలు కూడా కాదు. ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్లు. దానికి రెండు వారాలంటే డెబ్బై ఏళ్లు బతికే మనిషికి దాదాపు ఏడాదితో సమానం. ఆ కాలమంతా పూటపూటా మెడ పట్టి మందు పోస్తే జబ్బు తగ్గినా మన చెయ్యి చూస్తేనే పారిపోతుంది, మళ్లీ జబ్బు చేసినప్పుడు చేతికే దొరకదు. మైకోప్లాస్మా తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే జబ్బు. అందుకే అలవాటు చేయడానికి జబ్బు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఎలుక హుషారుగా ఉన్నప్పుడే వారానికి రెండుసార్లు సిరంజితో బెల్లం నీళ్లు నాకించండి. మందు అవసరం పడ్డ రోజున సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది.