సుద్ద మీద పరుగు పందెం

వినాయక చవితి ముందురోజు, శంషాబాద్ విమానాశ్రయం పక్క బీళ్లలో పత్రి ఏరుకొచ్చిన మా బడి పిల్లలు రెండు ఉమ్మెత్త కొమ్మలు బల్ల మీద పెట్టారు. ఇరవై ఒక్క పత్రిలో ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు మూడూ విషమే కదా, ముందు అందరి చేతులూ సబ్బుతో కడిగించాను. రెండు కొమ్మల కాయలూ తలవంచే ఉన్నాయి. ఒకదానికి మొద్దు బొడిపెలు, ఇంకోదానికి సన్నని పొడుగు ముళ్లు.

"సార్, ఆకులు ఎండబెట్టి పొడి కొడితే ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" అంది ఒక అమ్మాయి.

ఎంత మంచి ప్రశ్న! దాని జవాబు సుద్దపొడితో మొదలవుతుంది. ఇటలీలో పుట్టిన రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిహయిల్ త్స్వెట్ గాజు గొట్టంలో సుద్దపొడి దట్టించి, పైనుంచి ఆకురసం పోశాడు. వెంట ద్రావణి పోస్తే రసం పసుపు, ఆకుపచ్చ పట్టీలుగా విడిపోయింది. పత్రహరితం ఒకటి కాదు, రెండని తేలింది. 1906లో ఆ పద్ధతికి క్రొమటోగ్రఫీ అని పేరు పెట్టాడు. రష్యన్‌లో ఆయన ఇంటిపేరుకు అర్థం కూడా రంగే. పత్రహరితం మీద పని చేసి 1915లో నోబెల్ అందుకున్న విల్‌స్టాటర్ ఈ పద్ధతిని పెద్దగా నమ్మలేదు. 1919లో త్స్వెట్ పోయాడు. 1931లో ఆ పద్ధతిని మళ్లీ బతికించిన కూన్ మాత్రం ఆ విల్‌స్టాటర్ శిష్యుడే!

ఇప్పుడు గొట్టం బదులు పలక. గాజు మీద సిలికా పొడి పల్చగా పూస్తారు, రాలిపోకుండా జిప్సం కలుపుతారు. మన బడి సుద్దముక్కల్లోనూ ఎక్కువగా ఉండేది ఆ జిప్సమే. అడుగున ఉమ్మెత్త సారం చుక్క పెట్టి అంచును ద్రావణిలో ముంచితే, వత్తి నూనె పీల్చినట్టు ద్రావణి పైకి పాకుతూ చుక్కలోని పదార్థాలను వెంట లాక్కుపోతుంది. సిలికాది కొద్దిగా ఆమ్లగుణం. ఉమ్మెత్త విషాల్లో ఒకటైన హయోసయమిన్ బలమైన క్షారం, అందుకని అడుగడుగునా సిలికాకు అతుక్కుంటూ వెనకబడుతుంది. దాని తోబుట్టువు స్కోపలమిన్‌లో ఒక ఆక్సిజన్ వంతెన అదనంగా ఉంటుంది. ఆ వంతెన క్షారబలాన్ని తగ్గిస్తుంది, పట్టు సడలి అది ముందుకు ఉరుకుతుంది. ఒక్క ఆక్సిజన్‌తో పందెం ఫలితం మారిపోవడం నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఈ రెండింటికీ రంగు లేదు. డ్రాగన్‌డార్ఫ్ ద్రావణం చల్లితే నారింజరంగు మచ్చలుగా బయటపడతాయి.

ఉమ్మెత్త జాతుల్లో నిటారు కాయల దతురా స్ట్రమోనియంలో సాధారణంగా హయోసయమిన్ మచ్చ పెద్దది, దతురా మెటెల్‌లో స్కోపలమిన్‌ది. తర్వాత వచ్చిన యంత్రాలు ఈ పందేన్ని సన్నని ఉక్కు గొట్టాల్లో, నిమిషాల్లో నడిపి, అణువుల బరువు కూడా తూస్తున్నాయి.

పిల్లలతో మాత్రం పాలకూర రసం, సుద్దముక్క, స్పిరిట్‌తోనే పందెం పెట్టించాను. పసుపుగీత ముందుకు పోయిందని కేరింతలు కొట్టారు. కానీ ఆ అమ్మాయి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. బొడిపెల కాయది మెటెల్, ముళ్ల కాయది ఇనాక్సియా. రెండింటిలోనూ స్కోపలమిన్‌దే పైచేయి, పైగా ఆకు వయసును బట్టి పాళ్లు మారతాయి. పలక ఒక్కటే చాలదు. పొడిని సూక్ష్మదర్శిని కింద పెట్టి నూగు వెతకాలి. ఇనాక్సియా ఆకు నిండా మెత్తని నూగు, మెటెల్ ఆకు దాదాపు నునుపు. ఎంత మెత్తగా నూరినా ఆ నూగు తునకలు పొడిలో మిగులుతాయి.