జీతం చీటీ లేకున్నా లెక్క ఉంది

లాల్‌దర్వాజా సందుల్లో కూలీనాలీ చేసుకునే ఇంటి పెద్ద, ఎదుటి బండివాడి తప్పుతో ప్రాణం పోగొట్టుకుంటే, జీతం చీటీ లేని ఆ ఇల్లాలికి పరిహారం ఎలా కడతారు?

సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేథీ కేసులో ఆ లెక్క చెప్పింది. నెలకు 12,000 రూపాయలు తెచ్చే 35 ఏళ్ల మేస్త్రీకి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారనుకుందాం. సంపాదన ముందుముందు పెరిగేది గనుక 40 శాతం కలిపితే 16,800. అతని సొంత ఖర్చు మూడో వంతు తీసేస్తే 11,200. అంటే ఏడాదికి 1,34,400. వయసును బట్టి దాన్ని 16తో హెచ్చిస్తే 21,50,400 రూపాయలు.

తోడు పోయినందుకు 2017లో వేరుగా 40,000 నిర్ణయించి, మూడేళ్లకోసారి 10 శాతం పెంచమన్నారు. ఇల్లాలే పోతే ఆమె ఇంటిచాకిరీకీ విలువ కడతారు.

కాగితం లేదని ట్రిబ్యునల్ గడప తొక్కకుండా ఉండనక్కర లేదు. పని ఇచ్చినవారి సాక్ష్యమూ అక్కరకు వస్తుంది.