కథ బాగుంటే చాలదు, ఆధారం కావాలి

అపోహ: నలుగురిలో పరువు తీసే పొరపాట్లకు బ్రిటిష్‌వాళ్లు వాడే స్లాంగ్ మాటలు చాలావరకు బూతులే.

వాస్తవం: ‘కాక్-అప్’, ‘బూబ్’ లాంటివి వింటే ఆ అనుమానం రావడం సహజమే. రెండింటిలోనూ శరీర భాగాల పేర్లు వినిపిస్తాయి. కానీ పొరపాటు అనే అర్థంలో ‘బూబ్’ వచ్చింది తెలివితక్కువవాణ్ణి సూచించే ‘బూబీ’ నుంచి. ‘కాక్-అప్’ పుట్టుక మీద ఏకాభిప్రాయం లేదు గానీ, దాని వాడుక మాత్రం స్పష్టం. ప్రభుత్వ వ్యవహారాల వెనుక కుట్రలు వెతకడం కన్నా వాటిని కాక్-అప్‌లుగా చూడటమే నిజానికి దగ్గరని మార్గరెట్ థాచర్ పత్రికా కార్యదర్శి బెర్నార్డ్ ఇంగమ్ విలేకరులకు బాహాటంగానే చెప్పారు. అలాగని ఎక్కడపడితే అక్కడ వాడేయొచ్చా? వాడకూడదు. బూతు కానంత మాత్రాన అది మర్యాద మాట అయిపోదు. లండన్ క్లయింటు నోట ఆ మాట వస్తే తిట్టాడని నొచ్చుకోనక్కర్లేదు. మనం పంపే ఈమెయిల్లో మాత్రం ‘మిస్టేక్’ అని రాయడమే మేలు.

అపోహ: ఇలాంటి ప్రతి మాట వెనకా ఒక చారిత్రక సంఘటన ఉంటుంది.

వాస్తవం: ‘బ్లూమర్’ అంటే పెద్ద పొరపాటు. ఆ మాట వినగానే అమెరికా మహిళా హక్కుల కార్యకర్త అమీలియా బ్లూమర్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన వదులు పైజామా గుర్తుకొస్తుంది. అయితే 1889 నాటి ఒక స్లాంగ్ నిఘంటువు దాన్ని ఆస్ట్రేలియా జైళ్ల మాటగా, ‘బ్లూమింగ్ ఎర్రర్’కు కుదింపుగా నమోదు చేసింది. పని చెడిపోయిందనడానికి వాడే ‘పేర్-షేప్డ్’కూ ఒక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాయల్ ఎయిర్ ఫోర్స్ పైలట్లు ఆకాశంలో గుండ్రంగా పల్టీ కొట్టబోతే అది బేరిపండు ఆకారంలోకి తిరిగేదట. కానీ నిఘంటుకారులు చూపే తొలి అచ్చు ఉదాహరణ ఫాక్లండ్స్ వైమానిక పోరు మీద 1983లో వచ్చిన పుస్తకంలోనిది. నోటి మాట అచ్చుకెక్కడం ఆలస్యం కాదా అని అడగొచ్చు. నిజమే. ఆ పుస్తకమూ వైమానికులదే కాబట్టి వాళ్లతో సంబంధాన్ని కొట్టిపారేయలేం. అయినా మధ్యలో ఉన్న దాదాపు నలభై ఏళ్ల ఖాళీ పూడనంతవరకు ‘కావచ్చు’ అనాలే తప్ప ‘అదే’ అనకూడదు.

ఆధారం ఎలా ఉండాలో ‘ఆమ్నిషాంబుల్స్’ చూపిస్తుంది. అడుగడుగునా గందరగోళమని దాని భావం. 2009లో బీబీసీ ధారావాహిక ‘ది థిక్ ఆఫ్ ఇట్’లో వినిపించింది. 2012 ఏప్రిల్‌లో ప్రతిపక్ష నేత ఎడ్ మిలిబాండ్ బడ్జెట్‌ను విమర్శిస్తూ పార్లమెంటులో వాడారు. ఆ ఏడాదే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులవారు దాన్ని బ్రిటన్‌లో ఆ సంవత్సరపు మాటగా ఎంపిక చేశారు. ప్రతి మెట్టుకూ తేదీ ఉంది. ఇలాంటి జాడ దొరకని చోట ‘తెలియదు’ అని ఒప్పుకోవడమే భాషకు మనమిచ్చే గౌరవం.