చేపల తొట్టె, కత్తుల పెట్టె, నా బొటనవ్రేలు



ఆసుపత్రి ల్యాబులో కళ్లె పరీక్షలు చేసే నాకు రెండు హాబీలున్నాయని మన సంఘంలో చాలామందికి తెలుసు. ఒకటి అక్వేరియం చేపలు పెంచడం, రెండవది చేతితో చేసిన కత్తులు సేకరించడం. "చేపలు సరే గాని, ప్రార్థన చేసుకునే ఇంట్లో కత్తులెందుకయ్యా?" అని పాస్టరమ్మగారు నవ్వుతూ అడుగుతుంటారు. ఆదికాండము నాలుగవ అధ్యాయంలోనే తూబల్కయీను ఇనుప పనిముట్లు చేశాడు కదండీ అని నా జవాబు.

మొదటి తొట్టె కొన్నప్పుడు కుళాయి నీళ్లు నింపి ఆ సాయంత్రమే గప్పీలు వదిలాను. వారం తిరక్కముందే ఒక్కటీ మిగల్లేదు. కుళాయి నీళ్లలోని క్లోరిన్ చేపల మొప్పలను కాల్చేస్తుంది. అది పోయినా, చేపల మలమూత్రాల వలన అమ్మోనియా పుడుతుంది. దానిని మొదట నైట్రైటుగాను, తరువాత అంత హాని చేయని నైట్రేటుగాను మార్చే బాక్టీరియా ఫిల్టరులో స్థిరపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు ఒకటి రెండు చేపలతో సరిపెట్టుకోవాలి. నీళ్లు కూడా ఒకేసారి మొత్తం మార్చకుండా వారానికి నాలుగో వంతు మార్చితే చాలు. ఇది తెలిశాక నా చేపలు బ్రతకడం మొదలుపెట్టాయి.

ఇక కత్తుల సంగతి. నా పెట్టెలో గూర్ఖాల కుక్రీ, కూర్గువారు నడుముకు పెట్టుకునే పీచె కత్తి, ఒక గీత కార్మికుడు ఇచ్చిన పాత గీత కత్తి ఉన్నాయి. అన్నిటికంటే నాకు ఇష్టమైనది మాత్రం లారీ కమాను పట్టీతో మా ఊరి కమ్మరి చేసిచ్చిన చాకు. అయస్కాంతం అంటుకోనంతగా కొలిమిలో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, తరువాత సన్నని సెగమీద లేత గడ్డి రంగు వచ్చేదాకా మళ్లీ వేడి చేస్తాడు. ఆ రెండో వేడి లేకపోతే కత్తి గాజులా పగులుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కును ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారంటే, మన కమ్మరుల చేతి పని ఎంతటిదో ఆలోచించండి.

ఒక శనివారం ఆ చాకుకు కుట్టుమిషను నూనె రాస్తుంటే కుడి బొటనవ్రేలి కణుపు మీద చిన్నగా తెగింది. లెక్కచేయలేదు. అరగంటకు ఫిల్టరు ఆగిపోతే అదే చేయి తొట్టెలో పెట్టాను. గాయం నాలుగు రోజుల్లో మానిపోయింది.

మూడు వారాల తరువాత అక్కడ ఒక బుడిపె లేచింది. నొప్పి పెద్దగా లేదు. బయట చూపిస్తే పులిపిరి అన్నారు, మందు రాసి కాల్చారు. అది పుండయింది. రెండు సార్లు యాంటిబయాటిక్సు వాడినా తగ్గలేదు సరికదా, మణికట్టు మీద ఒకటి, మోచేతి క్రింద ఇంకొకటి ఒకే వరుసలో తేలాయి. అప్పుడు మన చర్మవైద్యులు చేయి అటూ ఇటూ త్రిప్పి చూసి ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "ఇంట్లో చేపలు పెంచుతున్నారా?"

ముక్క తీసి పరీక్షకు పంపారు. స్లైడు నేనే చూశాను. నీలిరంగు మధ్య సన్నని ఎర్రటి పుల్లలు. పన్నెండేళ్లుగా పరాయివాళ్ల కళ్లెలో చూస్తున్న ఆకారమే. క్షయా? కుష్ఠా? ఆ రాత్రి నా కంచం, గ్లాసు విడిగా పెట్టుకున్నాను. మా చిన్నవాణ్ణి ఎత్తుకోలేదు. అందరికీ ధైర్యం చెప్పే నేను నా భార్యకు మాత్రం రెండు రోజులు ఏమీ చెప్పలేకపోయాను.

అది క్షయ కాదు, దాని దూరపు చుట్టం. పేరు మైకోబాక్టీరియం మెరైనం. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిపోయిన సముద్రపు చేపలలో దీనిని మొదట గుర్తించారు. మనుషుల చర్మానికి సోకుతుందని 1951లో స్వీడన్ దేశపు ఈతకొలను వలన తెలిసింది. దానికి 30 డిగ్రీల చల్లదనమే ఇష్టం, శరీరం లోపలి 37 డిగ్రీల వేడిలో సరిగా పెరగదు. అందుకే ఎక్కువగా చేతుల చర్మానికే పడుతుంది. ల్యాబులో క్షయ క్రిమిని పెంచే వేడిలో పెడితే ఇది మొలవకపోవచ్చు. కాబట్టి 30 డిగ్రీలలో పెంచమని డాక్టరుగారు చీటీ మీద ప్రత్యేకంగా వ్రాయాలి. ఆయన అలా వ్రాయాలంటే రోగి తన తొట్టె సంగతి చెప్పాలి. నేను మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే హాబీ కూడా ఒక రోగలక్షణమని నాకు తోచలేదు!

ఇది మనిషి నుండి మనిషికి అంటదు. ఆ మాట విన్నాక ఇంటికి వెళ్లి మొదట చిన్నవాణ్ణి ఎత్తుకున్నాను. క్లారిత్రోమైసిన్, ఇథాంబ్యుటాల్ కలిపి నాలుగు నెలలు వాడాను. ఇథాంబ్యుటాల్ వాడేవారు మధ్యమధ్య కంటి పరీక్ష చేయించుకోవాలి. బుడిపెలు పోయిన వెంటనే మాత్రలు మానేయకూడదు, ఆ తరువాత కూడా ఒకటి రెండు నెలలు వాడాలి.

చేతి మీద గీరుకున్నా తెగినా తొట్టెలో చేయి పెట్టకండి. మోచేతివరకు వచ్చే రబ్బరు గ్లవ్సు మార్కెట్లో దొరుకుతాయి. నీళ్లు తీసే గొట్టాన్ని నోటితో పీల్చకండి. వంటగది సింకులో తొట్టె సామాను కడగకండి. షుగరు ఉన్నవారు, స్టిరాయిడ్ మాత్రలు వాడేవారు, కిడ్నీ మార్పిడి అయినవారు చేపలను చూసి ఆనందించండి, శుభ్రం చేసే పని ఇంకొకరికి అప్పగించండి.

కత్తి తెగినప్పుడు పసుపు, కాఫీపొడి, సున్నం ఏదీ అద్దవద్దు. ధారగా పడే నీళ్ల క్రింద సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకోండి. ధనుర్వాతం తుప్పు వలన రాదు, మట్టిలో ఉండే క్రిమి వలన వస్తుంది. తళతళలాడే కత్తికి మట్టి అంటి ఉన్నా ప్రమాదమే. పదేళ్లలో టీకా వేయించుకోనివారు, గాయం లోతుగానో మురికిగానో ఉండి ఐదేళ్లు దాటినవారు వెంటనే రండి. టి.టి. స్థానంలో ఇప్పుడు టి.డి. ఇస్తున్నారు.

హాబీలు మానేశారా అని చాలామంది అడుగుతున్నారు. మానలేదు. ఆ చాకు పెట్టెలోనే ఉంది. తోలు ఒరలో ఉంచితే చెమ్మకు తుప్పు పడుతుందని నూనెగుడ్డలో చుట్టి పెట్టాను. గ్లవ్సు మా ఆవిడ తొట్టె ప్రక్కన మేకుకు తగిలించింది. అవి తొడుక్కోకుండా మూత తీస్తే చాలు, మా చిన్నవాడు వంటింట్లోకి వినబడేలా కేకవేస్తాడు.