వార్తల్లో పదం: డోరా

పరిశోధకుడికి ఉద్యోగమో పదోన్నతో ఇచ్చేటప్పుడు చాలాచోట్ల ఎంపిక సంఘాలు ముందు చూసేది వ్యాసంలో ఏముందో కాదు, అది ఏ పత్రికలో వచ్చిందో, ఆ పత్రిక 'ఇంపాక్ట్ ఫ్యాక్టర్' ఎంతో! ఈ అలవాటు మానాలంటూ 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కణజీవశాస్త్రవేత్తల సమావేశం సందర్భంగా కొందరు పత్రికా సంపాదకులు, ప్రచురణకర్తలు రూపుదిద్దిన ప్రకటనే డోరా. 2013 మేలో వెలువడింది.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్క తేలికే. గత రెండేళ్లలో పత్రిక వేసిన వ్యాసాలను ఈ ఏడాది ఎన్నిసార్లు ఉటంకించారో చూసి, వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. అంటే సగటు. చిక్కంతా అక్కడే. 'ఆక్టా క్రిస్టలోగ్రాఫికా-ఎ' పత్రికకు 2008లో రెండు పైచిలుకు ఉన్న ఈ అంకె 2009లో 49.9కి ఎగబాకింది. షెలెక్స్ సాఫ్ట్‌వేర్‌పై జార్జ్ షెల్డ్రిక్ రాసిన ఒకే ఒక్క వ్యాసాన్ని వేలసార్లు ఉటంకించడమే కారణం. మరి ఆ పత్రికలో రాసిన మిగతావాళ్లంతా రాత్రికి రాత్రే గొప్పవాళ్లైపోయారా? 2011కల్లా అంకె మళ్లీ రెండు దగ్గరికే దిగివచ్చింది.

పత్రిక అంకెతో మనిషిని తూచొద్దు, పనిని చూడండి అంటుంది డోరా. డేటా, సాఫ్ట్‌వేర్ కూడా పరిశోధన ఫలితాలుగానే లెక్కించమంటుంది. నాకు ముఖ్యమనిపించేది ఇదే. ఏళ్ల తరబడి సేకరించిన డేటాను సరిచేసి నలుగురికీ అందుబాటులో పెట్టినవారికి పదోన్నతుల వేళ తరచూ దక్కేది మొండిచెయ్యే.

డోరాకు కట్టుబడతామంటూ సంస్థలు సంతకం పెట్టడం సులువు. వ్యాసాన్ని కూర్చుని చదివే ఓపిక ఎంపిక సంఘాలకు ఉండాలి కదా! మన దేశంలో హైదరాబాద్ కేంద్రంగా పరిశోధనలకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ కూడా డోరాపై సంతకం చేసింది.